ఎస్‌క్యూఎల్ వచ్చు, స్టార్ స్కీమా చదివాను, మోడల్ గీయమంటే మాత్రం ఏమీ తోచట్లేదు. డేటా మోడలింగ్ ఎలా నేర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మూడేళ్లుగా ఈటీఎల్ పనిలో (వేర్వేరు సాఫ్ట్‌వేర్ల నుంచి డేటా తీసి, సరిచేసి, రిపోర్టుల కోసం కట్టిన వేర్‌హౌస్ అనే డేటాబేస్‌లో వేసే పని) ఉన్నారు, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) బాగానే వచ్చు, అమీర్‌పేటలో స్నోఫ్లేక్ (క్లౌడ్ వేర్‌హౌస్ టూల్) కోర్సు కూడా చేశారు, ఫ్యాక్ట్ అంటే ఏంటి (జరిగిన సంగతుల్ని, వాటి అంకెల్ని ఉంచే టేబుల్), డైమెన్షన్ అంటే ఏంటి (షాపు, మందు, తేదీ లాంటి వివరాల టేబుల్), మధ్యలో ఫ్యాక్ట్, చుట్టూ డైమెన్షన్లు ఉండే స్టార్ స్కీమా ఏంటి అని అడిగితే గడగడా చెప్పేస్తారు. కానీ ఎవరైనా తెల్లకాగితం చేతిలో పెట్టి "ఈ వ్యాపారానికి వేర్‌హౌస్ డిజైన్ చెయ్యి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. పైగా స్టోరేజీ ఇంత చవకైపోయి, ఏఐ టేబుళ్లు రాసిపెడుతున్న ఈ రోజుల్లో ఇది నేర్చుకోవడం దండగేమో అని ఒక అనుమానం. ఎన్నాళ్లు పడుతుందని కూడా అడిగారు.

దండగ కాదు. కానీ ఇంకో కోర్సు మాత్రం కట్టకండి. మీకు లోపలి సంగతులు తెలిసిన వ్యాపారం ఒక్కటి పట్టుకోండి, దాని బిల్లులూ రిజిస్టర్లూ ముందు పెట్టుకోండి, "ఈ టేబుల్లో ఒక వరస పడిందంటే అక్కడ ఏం జరిగినట్టు?" అన్నదానికి ఒకే వాక్యంలో జవాబు రాయడం ప్రాక్టీస్ చేయండి. ఆ వాక్యం చెప్పేదాన్నే గ్రెయిన్ అంటారు. అది తేలితే మిగతా మోడల్ సగం దానంతట అదే వస్తుంది. తేలకపోతే ఎంత అందంగా బొమ్మ గీసినా ఆరు నెలల్లో రిపోర్టుల్లో లెక్కలు కలవవు.

కోర్సుల్లో ఇది ఎందుకు రాదంటే, టూల్‌కి సిలబస్ ఉంటుంది, పరీక్ష ఉంటుంది, సర్టిఫికెట్ ఉంటుంది. మోడలింగ్‌లో సగం పని వ్యాపారం నడిపేవాళ్లని ప్రశ్నలడగడం, దానికి సిలబస్ ఎవరు రాస్తారు? ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్ ప్రతిపాదించాక వచ్చిన నార్మలైజేషన్ పాఠమే మనందరికీ కాలేజీలో బాగా వంటబట్టింది: ఒక విషయం ఒక్కచోటే ఉండాలి, మారిస్తే అక్కడొక్కచోట మారిస్తే చాలు. కౌంటర్లో బిల్లు కొట్టే సాఫ్ట్‌వేర్‌కి అది సరిగ్గా సరిపోతుంది. వేర్‌హౌస్ దగ్గరికి వచ్చేవాళ్లు అడిగేది వేరు. పోయిన దసరాకీ ఈ దసరాకీ అమ్మకం ఎంత మారింది, ఏ షాపులో మందులు ఎక్కువ ఎక్స్‌పైరీ అవుతున్నాయి, ఇలాంటివి. అక్కడ పాత సంగతి చెరిగిపోకూడదు, ఒక రూపాయి రెండుసార్లు లెక్కలోకి రాకూడదు, అడిగేవాడు పన్నెండు జాయిన్లు (టేబుళ్లని ఒకదానితో ఒకటి కలపడం) రాసుకోవాల్సిన అవసరం ఉండకూడదు.

నేను కొన్నాళ్లు ఒక మందుల షాపుల చైన్‌కి వేర్‌హౌస్ పని చేశాను, ఉదాహరణలు అక్కడినుంచే తీస్తాను. మందుల షాపుకి వెళ్లనివాళ్లు ఉండరు, పైగా మోడలింగ్‌లో వచ్చే తలనొప్పులు దాదాపు అన్నీ ఒక్క మందుల బిల్లులో దొరుకుతాయి.

గ్రెయిన్ తేలేవరకు ఒక్క కాలమ్ పేరు కూడా రాయొద్దు

ఒక బిల్లు తీసుకుందాం. మూడు మందులు, 500, 300, 200, మొత్తం వెయ్యి రూపాయలు. కొన్నాయన 600 యూపీఐలో కొట్టి మిగతా 400 నగదు ఇచ్చాడు. సోర్సు సిస్టమ్‌లో, అంటే షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో, ఇది మూడు టేబుళ్లలో పడుతుంది: బిల్లు హెడర్‌లో ఒక వరస, బిల్లు లైన్లలో మూడు వరసలు, చెల్లింపుల్లో రెండు వరసలు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు చాలామంది చేసేది ఏంటంటే, మూడింటినీ బిల్లు నెంబరు మీద జాయిన్ చేసి ఒకే పెద్ద టేబుల్ చేసేయడం. మూడు లైన్లు, రెండు చెల్లింపులు, ఆరు వరసలయ్యాయి. అమ్మకం కాలమ్ కూడితే 2,000 వస్తుంది, చెల్లింపు కాలమ్ కూడితే 3,000 వస్తుంది. గల్లాలోకి, బ్యాంకులోకి కలిపి వచ్చింది వెయ్యే.

దీన్ని పట్టుకున్నాక కూడా చాలామంది డిస్టింక్ట్ (ఒకేలా ఉన్న వరసల్లో ఒక్కటే ఉంచే ఎస్‌క్యూఎల్ మాట) వేసి సర్దేస్తారు, అది ఇంకా ప్రమాదం. ఒకే మందు రెండు బ్యాచుల నుంచి ఇచ్చినప్పుడు రెండు లైన్లు పడతాయి, ధర ఒకటే, సంఖ్య ఒకటే. మీ క్వెరీలో బ్యాచ్ కాలమ్ లేకపోతే డిస్టింక్ట్ ఆ రెండో లైన్‌ని మింగేస్తుంది, ఈసారి లెక్క తక్కువొస్తుంది, ఎవరికీ అనుమానం కూడా రాదు. ఎక్కువొచ్చిన లెక్కని అకౌంట్స్ వాళ్లు వెంటనే పట్టుకుంటారు, కొంచెం తక్కువొచ్చిన లెక్క మాత్రం నెలల తరబడి అలాగే సాగిపోతుంది.

సరైన దారి: ఇక్కడ జరిగిన సంగతులు రెండు. ఒకటి మందు అమ్మడం, రెండోది డబ్బు పుచ్చుకోవడం. కాబట్టి ఫ్యాక్ట్ టేబుళ్లు కూడా రెండు. అమ్మకాల ఫ్యాక్ట్‌కి మీ వాక్యం "ఒక బిల్లులో ఒక మందు, ఒక బ్యాచ్, ఒక లైన్". చెల్లింపుల ఫ్యాక్ట్‌కి "ఒక బిల్లుకి ఒక పద్ధతిలో వచ్చిన ఒక చెల్లింపు". రెండూ పక్కపక్కన కావాలంటే దేన్నిదాన్ని విడిగా షాపు, తేదీ స్థాయికి కూడి ఆ తర్వాత కలపాలి. ఫ్యాక్ట్‌ని ఫ్యాక్ట్‌తో నేరుగా జాయిన్ చేయొద్దు అనే మాట మీరు విని ఉంటారు, దాని వెనకున్న లెక్క ఇదే.

వాక్యంలో బ్యాచ్ ఎందుకు పెట్టానని అడగొచ్చు, ఎవరూ బ్యాచ్ వారీగా అమ్మకాలు అడగలేదు కదా అని. ఇవాళ అడగలేదు. ఎక్స్‌పైరీ నష్టం లెక్క వేయాలన్నా, కంపెనీ ఒక బ్యాచ్‌ని వెనక్కి పిలిచిందన్నా అప్పుడు అదే కావాలి. సోర్సులో ఉన్న అతి చిన్న స్థాయిలోనే ఫ్యాక్ట్ ఉంచండి. కింద నుంచి పైకి ఎప్పుడైనా కూడుకోవచ్చు, పైన కూడేసిన దాన్ని కిందికి విడదీయడం ఎవరివల్లా కాదు.

ఇక హెడర్ మీద కూర్చునే అంకెలు. బిల్లు మొత్తం మీద 10 శాతం తగ్గింపు ఇచ్చారనుకోండి, అంటే వంద రూపాయలు. ఏ మందు మీద ఎంత మిగిలిందో చెప్పాలంటే ఆ వందని లైన్లకి పంచాలి: 50, 30, 20. ఇక్కడిదాకా తేలికే. మూడు లైన్లూ సమానమైతే ఒక్కోదానికి 33.33, కూడితే 99.99, ఒక పైసా ఎక్కడికి పోయింది? ఆ పైసాని ఏదో ఒక లైన్‌కి, సాధారణంగా పెద్దదానికి, కలిపేయాలని ముందే రూల్ రాసుకోవాలి. పైసాకి ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది కానీ, వేర్‌హౌస్ మొత్తం సోర్సు మొత్తంతో పైసాతో సహా కలిస్తేనే అకౌంట్స్ వాళ్లు దాన్ని నమ్ముతారు, కలవకపోతే ఎక్సెల్‌కి వెళ్లిపోతారు, ఒకసారి వెళ్లినవాళ్లని వెనక్కి రప్పించడం చాలా కష్టం.

నాకు మందుల షాపులో అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ సంఖ్య కాలమ్. 15 మాత్రల స్ట్రిప్ నుంచి ఒకరు 6 మాత్రలు కత్తిరించి తీసుకెళ్లారు. ఒక షాపు సాఫ్ట్‌వేర్‌లో సంఖ్య 6 అని పడుతుంది, ఇంకో షాపులో 0.4 అని పడుతుంది. రెండూ నిజమే. రెండూ ఒకే కాలమ్‌లో లోడై కూర్చుంటే ఆ మొత్తానికి అర్థం లేదు, ఎర్రర్ కూడా రాదు. అందుకే గ్రెయిన్ వాక్యంతో పాటు ప్రతి అంకె పక్కన అది దేని లెక్కో రాయండి: మాత్రలా, స్ట్రిప్పులా, రూపాయలా, పన్ను కలిపా, కలపకుండానా. మేం అన్నిటినీ అతి చిన్న యూనిట్‌కి మార్చి లోడ్ చేసేవాళ్లం, మార్చడానికి వాడిన ప్యాక్ సైజుని కూడా అదే వరసలో ఉంచేవాళ్లం, ఎందుకంటే కంపెనీలు 10 మాత్రల స్ట్రిప్‌ని 15 చేస్తుంటాయి.

అన్ని అంకెల్నీ కూడకూడదు

అమ్మకం రూపాయల్ని షాపుల వారీగా కూడొచ్చు, రోజుల వారీగా కూడొచ్చు, ఎలాగైనా కూడొచ్చు. స్టాకు అలా కాదు. సోమవారం షాపులో 100 స్ట్రిప్పులు, మంగళవారం 80, బుధవారం 70 ఉంటే మూడు రోజులకీ కలిపి 250 స్ట్రిప్పులున్నాయని ఎవరూ అనరు. షాపుల మీద కూడొచ్చు, తేదీల మీద మాత్రం కూడకూడదు, చివరి రోజుదో సగటో తీసుకోవాలి. లాభ శాతం అయితే దేనిమీదా కూడకూడదు, లాభం, అమ్మకం విడివిడిగా ఉంచి రిపోర్టులో భాగించుకోవాలి. ఇంగ్లిష్ పేర్లు అడిటివ్, సెమీ అడిటివ్, నాన్ అడిటివ్ అని ఉంటాయి, ఇంటర్వ్యూకి గుర్తుంచుకోండి.

స్టాకుకి రోజువారీ స్నాప్‌షాట్ ఫ్యాక్ట్ పెడతారు: రాత్రి షాపు మూసేసరికి ఒక షాపులో ఒక మందు ఎంతుందో ఒక వరస. 200 షాపులు, షాపుకి 5,000 రకాలు అనుకుంటే రోజుకి 10 లక్షల వరసలు, ఏడాదికి 36.5 కోట్లు. అందుకని ఇటీవలి నెలలకి రోజువారీ, అంతకంటే పాతదానికి వారం చివరిదో నెల చివరిదో ఉంచుకోవడం మామూలే. కానీ ఈ నిర్ణయం ఇంజినీరు ఒక్కడే తీసుకునేది కాదు, "రెండేళ్ల కిందటి మంగళవారం స్టాకు ఎవరికైనా కావాలా?" అని వాళ్లనే అడగాలి.

మూడో రకం హోమ్ డెలివరీ లాంటిది. ఆర్డర్ వచ్చింది, చీటీ సరిచూశారు, ప్యాక్ చేశారు, బండి బయల్దేరింది, ఇంటికి చేరింది. ఇక్కడ ఒక ఆర్డర్‌కి ఒకే వరస, అందులో ఐదు తేదీ కాలమ్‌లు, మెట్టు మెట్టుకీ ఆ వరసని అప్‌డేట్ చేస్తూ పోతారు. దీన్ని అక్యుమ్యులేటింగ్ స్నాప్‌షాట్ అంటారు. ఎక్కడ ఆలస్యమవుతోందో చూడాలంటే ఇంతకంటే తేలికైన డిజైన్ నాకు తెలియదు.

డైమెన్షన్లలో అసలు కష్టం చరిత్ర

దీనికి మన దగ్గర దొరికినంత మంచి ఉదాహరణ పుస్తకాల్లో కూడా ఉండదు. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట కొత్తగా చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇప్పుడు మీ షాపు డైమెన్షన్‌లో జిల్లా అని ఒక కాలమ్ ఉంది. ఏం చేస్తారు?

పాత పేరు చెరిపి కొత్త పేరు రాసేస్తే అది టైప్ 1. పాత వరసని అలాగే ఉంచి దానికి ముగింపు తేదీ వేసి, కొత్త జిల్లాతో ఇంకో వరస చేరిస్తే టైప్ 2. అదే వరసలో "పాత జిల్లా" అని ఇంకో కాలమ్ పెడితే టైప్ 3. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. దేన్ని ఎప్పుడు వాడాలో తెలియాలంటే ఒక్కో షాపు వెంట నడిచి చూడండి.

హనుమకొండలో ఒక షాపు ఉంది. 2016 అక్టోబర్ దాకా అది వరంగల్ జిల్లా. తర్వాత వరంగల్ అర్బన్. 2021 ఆగస్టులో ఆ జిల్లా పేరు హనుమకొండ అయింది. నర్సంపేటలో ఇంకో షాపు. 2016 దాకా వరంగల్ జిల్లా, తర్వాత వరంగల్ రూరల్, 2021 తర్వాత మళ్లీ వరంగల్ జిల్లా. ములుగు షాపు వరంగల్ నుంచి జయశంకర్ భూపాలపల్లికి, అక్కడినుంచి ములుగు జిల్లాకి వెళ్లింది. ఇప్పుడు ఎవరైనా "వరంగల్ జిల్లా పదేళ్ల అమ్మకాలు చూపించు" అంటే, జిల్లా పేరు మీద గ్రూప్ చేసిన టైప్ 2 రిపోర్టులో 2016 దసరా తర్వాత వరంగల్ వ్యాపారం ఉన్నట్టుండి మాయమైపోతుంది, 2021లో మళ్లీ లేస్తుంది. 2015 వరంగల్, 2022 వరంగల్ పేరుకి ఒకటే, జిల్లాలు మాత్రం వేరు. టైప్ 1 పెడితే ఆ గోల ఉండదు కానీ, అప్పట్లో జిల్లా మేనేజర్‌కి ఇచ్చిన టార్గెట్లు ఇక దేనితోనూ కలవవు, ఎందుకంటే ఆ టార్గెట్ పాత పెద్ద జిల్లాకి ఇచ్చింది.

మేం చివరికి షాపు డైమెన్షన్‌ని టైప్ 2గానే ఉంచి, ప్రతి వరసలో మూడు కాలమ్‌లు పెట్టాం: అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా, ఉమ్మడి జిల్లా. మొదటిది ఆ వరస చెల్లిన కాలానికి నిజమైనది, దాన్ని ముట్టుకోం. రెండోదాన్ని జిల్లా మారినప్పుడల్లా ఆ షాపు పాత వరసలన్నిటిలోనూ తిరగరాస్తాం. మూడోది ఎందుకంటే రీజనల్ మేనేజర్లు ఇప్పటికీ "ఉమ్మడి వరంగల్, ఉమ్మడి నల్గొండ" అనే మాట్లాడతారు, పోలిక కూడా ఆ స్థాయిలోనే సాఫీగా నిలుస్తుంది. పుస్తకాల్లో ఇలాంటి కలగలుపుని టైప్ 6 అంటారు. నంబర్ గుర్తులేకపోయినా పర్లేదు, "ఈ ప్రశ్న అప్పటి లెక్కలో అడుగుతున్నారా, ఇప్పటి లెక్కలో అడుగుతున్నారా?" అని అడగాలన్నది గుర్తుంటే చాలు.

సరోగేట్ కీ ఎందుకని చాలామంది అడుగుతుంటారు. పైన హనుమకొండ షాపుకి మూడు వరసలున్నాయి, షాపు కోడ్ మూడింటిలోనూ ఒకటే. అమ్మకం లైన్ ఏ వరసకి తగులుకోవాలో చెప్పడానికి షాపు కోడ్ చాలదు, అందుకే వరసకొక సొంత నంబర్. లోడ్ చేసేటప్పుడు బిల్లు తేదీ ఏ వరస కాలపరిమితిలో పడుతుందో చూసి ఆ నంబర్ తగిలిస్తారు. కాలపరిమితి రాసేటప్పుడు మొదలు తేదీని కలుపుకుని, ముగింపు తేదీని వదిలేసేలా పెట్టండి, అంటే ఒక వరస ముగింపూ తర్వాతి వరస మొదలూ ఒకే తేదీ. లేకపోతే సరిగ్గా మారిన రోజున పడిన బిల్లులు రెండు వరసలకీ తగులుకుంటాయి, లేదా దేనికీ తగులుకోవు.

అలాగని కనిపించిన ప్రతి కాలమ్‌కీ టైప్ 2 పెట్టేయకండి. మందు పేరులో అక్షర దోషం సరిదిద్దినప్పుడు దానికి చరిత్ర ఎందుకు, చెరిపి రాసేయండి. ఇంకో మాట: కొన్నిటికి డైమెన్షన్ చరిత్రతో పనే లేదు, అవి ఫ్యాక్ట్‌లోనే ఉండాలి. జీఎస్టీ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద 12 శాతం ఉన్నది 5 శాతం అయింది. పన్ను శాతాన్ని మందు డైమెన్షన్‌లో టైప్ 1గా పెట్టి, రిపోర్టులో గుణించుకుంటున్నవాళ్లకి ఆ రోజు రాత్రికి రాత్రే ఆగస్టు పన్ను కూడా మారిపోయి ఉంటుంది: పన్నుకి ముందు వెయ్యి రూపాయల సరుకు మీద 120 ఉండాల్సింది 50 అని చూపిస్తుంది. బిల్లు కొట్టినప్పుడు వేసిన పన్ను ఆ లైన్‌లో జరిగిపోయిన సంగతి, దాన్ని రూపాయల్లో ఫ్యాక్ట్ వరసలోనే ఉంచండి. ధర కూడా అంతే.

కస్టమర్ అంటే ఎవరు?

ఇది అడక్కుండా కస్టమర్ డైమెన్షన్ చేయకండి. మందుల షాపులో ఫోన్ నెంబరే కస్టమర్. ఆ నెంబరు మీద నాన్న షుగర్ మాత్రలు, అమ్మ థైరాయిడ్ మాత్రలు, చంటిపిల్ల సిరప్ అన్నీ పడతాయి, అంటే అది మనిషి కాదు, ఇల్లు. నెంబరు ఇవ్వనివాళ్ల కోసం కౌంటర్ కుర్రాళ్లు పది తొమ్మిదులు కొట్టేస్తారు. రిపోర్టు తీస్తే మీ అత్యుత్తమ కస్టమర్ ఆయనే! అలాంటివాటికి "నెంబరు ఇవ్వలేదు" అని ఒక ప్రత్యేక వరస పెట్టి అక్కడికి మళ్లించండి. మందుల మాస్టర్ జాబితాలో ఇంకా రాని కొత్త మందు బిల్లులో కనబడ్డా ఇదే పద్ధతి, "ఇంకా తెలియదు" అన్న వరసకి తగిలించి, వివరం వచ్చాక సరిచేయాలి. ఖాళీగా నల్ వదిలేస్తే ఇన్నర్ జాయిన్‌లో (రెండువైపులా జత కుదిరిన వరసల్నే ఉంచే జాయిన్) ఆ అమ్మకమే రిపోర్టు నుంచి జారిపోతుంది.

అమ్మకాలకీ, స్టాకుకీ, డెలివరీకీ ఒకటే మందు డైమెన్షన్, ఒకటే షాపు డైమెన్షన్, ఒకటే తేదీ డైమెన్షన్ వాడాలి. కన్ఫార్మ్‌డ్ డైమెన్షన్ అంటే అంతే. తేదీ డైమెన్షన్ గురించి ఎక్కువ చెప్పను, పదేళ్లకి కలిపి మూడువేల ఆరువందల పైచిలుకు వరసలే, ఒక్కసారి శ్రద్ధగా చేసుకోండి: ఏప్రిల్ నుంచి మార్చి ఆర్థిక సంవత్సరం, త్రైమాసికం, పండగలు. ఉగాది, దసరా ఏటా ఒకే ఇంగ్లిష్ తేదీన రావు కాబట్టి పండగ కాలమ్ లేకుండా పండగ అమ్మకాలు పోల్చడం కుదరదు.

కింబాలా, ఇన్‌మనా, డేటా వాల్టా?

దీని గురించి ఆన్‌లైన్‌లో జరిగే గొడవలు చదివి టెన్షన్ పడకండి. బిల్ ఇన్‌మన్ దారి, సంస్థ మొత్తానికి ముందు నార్మలైజ్ చేసిన ఒక వేర్‌హౌస్ కట్టి, దానినుంచి శాఖలకి మార్ట్‌లు (ఒక్కో శాఖకి కావాల్సినంత డేటా ఉన్న చిన్న భాగాలు) ఇవ్వడం. రాల్ఫ్ కింబాల్ దారి, ఒక్కో వ్యాపార ప్రక్రియకి ఒక్కో స్టార్ కట్టుకుంటూ, అన్నిటికీ ఉమ్మడి డైమెన్షన్లు వాడటం. డాన్ లిన్‌స్టెట్ డేటా వాల్ట్‌లో హబ్ (కీలు), లింక్ (వాటి మధ్య సంబంధాలు), శాటిలైట్ (మారుతుండే వివరాలు) అని విడగొడతారు, సోర్సులు చాలా ఉండి ప్రతి మార్పుకీ ఆడిట్ కావాల్సిన బ్యాంకులు, ఇన్సూరెన్స్ లాంటి చోట అది నప్పుతుంది, కానీ దానిమీద కూడా రిపోర్టుల కోసం చివరికి స్టార్‌లే కడతారు. అందుకే ముందు కింబాల్ పద్ధతి నేర్చుకోండి అంటాను. ఆయన మార్జీ రాస్‌తో కలిసి రాసిన డేటా వేర్‌హౌస్ టూల్‌కిట్ మూడో ఎడిషన్, 2013లో వచ్చింది. అట్ట నుంచి అట్ట దాకా చదవక్కర్లేదు. మూడో చాప్టర్ రిటైల్ అమ్మకాలు, నాలుగు స్టాకు, ఐదు కొనుగోళ్లు. ఈ మూడూ పెన్ను పట్టుకుని చదవండి, మిగతావి ఆ వ్యాపారం తగిలినప్పుడు చూసుకోవచ్చు.

స్టోరేజీ చవకైంది కదా, ఒకే వెడల్పాటి టేబుల్ చాలదా అన్నారు. చివరి పొరలో, ఒక డ్యాష్‌బోర్డు కోసం వెడల్పాటి టేబుల్ చేసుకోవడం తప్పేం కాదు, నేనూ చేస్తాను. బిగ్‌క్వెరీ, స్నోఫ్లేక్, రెడ్‌షిఫ్ట్ అన్నీ కాలమ్‌ల వారీగా దాచుకునేవే, మీరు అడిగిన కాలమ్‌లే చదువుతాయి కాబట్టి వెడల్పు పెద్ద భారం కాదు. కానీ దాన్ని స్టార్ నుంచి తయారు చేయండి, స్టార్ బదులుగా కాదు. ఇప్పటి జిల్లా మారినప్పుడు డైమెన్షన్‌లో కొన్ని వందల వరసలు తిరగరాస్తే సరిపోతుంది, వెడల్పాటి టేబుల్లో కోట్ల వరసలు తిరగరాయాలి. చిన్న డైమెన్షన్లతో జాయిన్ ఈ ఇంజన్లకి లెక్కలోకి రాదు. రిపోర్టుల టూల్ పవర్ బీఐ అయితే స్టార్ స్కీమానే వాడమని మైక్రోసాఫ్టే చెప్తుంది.

ఏఐ సంగతి: మందుల షాపుకి స్కీమా ఇవ్వమంటే క్షణంలో ఇస్తుంది, బాగానే ఉంటుంది కూడా. కానీ ఫలానా షాపు సాఫ్ట్‌వేర్‌లో 0.4 అంటే ఆరు మాత్రలని దానికి ఎవరు చెప్తారు? కౌంటర్ దగ్గర నిలబడి చూసినవాళ్లు చెప్పాలి. డీడీఎల్ (టేబుళ్లు తయారుచేసే ఎస్‌క్యూఎల్) రాయించుకోవడానికి, నకిలీ డేటా పుట్టించడానికి మాత్రం బ్రహ్మాండంగా వాడుకోండి.

ప్రాక్టీస్ ఎలా

ల్యాప్‌టాప్‌లో డక్‌డీబీ గానీ పోస్ట్‌గ్రెస్ గానీ (రెండూ ఉచిత డేటాబేస్‌లు) చాలు, క్లౌడ్ బిల్లు పెట్టుకోకండి. మీ ఇంట్లోవాళ్లదో స్నేహితులదో కిరాణా, మందులు, చిట్‌ఫండ్, ట్రావెల్స్ ఏదున్నా వెళ్లి కూర్చోండి. బిల్లు పుస్తకం చూడండి, "రిటర్న్ వస్తే ఏం చేస్తారు, బిల్లు తప్పుపడితే ఏం చేస్తారు, నెలాఖరున ముందు ఏ అంకె చూసుకుంటారు" అని అడగండి. మొదటి రెండు ప్రశ్నలకి వచ్చే జవాబుల్లోనే సగం డిజైన్ ఉంటుంది. తర్వాత కాగితం మీద గ్రెయిన్ వాక్యాలు, వాళ్లు అడిగే పది ప్రశ్నలు రాసి, ఒక్కో ప్రశ్నకీ మీ మోడల్ నుంచి ఎలా జవాబు వస్తుందో చేత్తో చూసుకోండి. టేబుళ్లు ఆ తర్వాతే. సొంతంగా పుట్టించుకున్న డేటా మరీ చిన్నదనిపిస్తే టీపీసీ-డీఎస్ చూడండి, ఏడు ఫ్యాక్ట్ టేబుళ్లు, పదిహేడు డైమెన్షన్లు ఉన్న బెంచ్‌మార్క్, రిటైల్ వ్యాపారమే, డక్‌డీబీలో ఎక్స్‌టెన్షన్‌తో పుట్టించుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది, దీన్నే అందరూ వదిలేస్తారు. మోడల్ నిలబడ్డాక దాన్ని మీరే చెడగొట్టి చూడండి. గత నెల రిపోర్టు ఒకటి తీసి పక్కన పెట్టుకోండి. ఒక షాపు జిల్లా మార్చండి. పన్ను శాతం మార్చండి. స్ట్రిప్ సైజు 10 నుంచి 15 చేయండి. ఇంటర్నెట్ లేక మూడు రోజులు ఆలస్యంగా వచ్చిన బిల్లుల్ని లోడ్ చేయండి. పోయిన నెల అమ్మినదానికి ఈ నెల రిటర్న్ పెట్టండి. ఒక్కోదాని తర్వాత అదే రిపోర్టు మళ్లీ తీయండి. గత నెల అంకె కదిలితే ఎందుకు కదిలిందో మీరు చెప్పగలగాలి. ఆలస్యంగా వచ్చిన బిల్లులకి కదలాలి, జిల్లా మారినప్పుడు మొత్తం కదలకూడదు. దీంతో పాటు ప్రతి జాయిన్‌కి ముందూ వెనకా వరసల సంఖ్య, రూపాయల మొత్తం సోర్సుతో సరిచూసే చిన్న క్వెరీ ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి.

ఇంటర్వ్యూల్లో స్టార్ స్కీమాకీ స్నోఫ్లేక్ స్కీమాకీ (డైమెన్షన్లని ఇంకా చిన్న టేబుళ్లుగా విడగొట్టేది, ఆ పేరున్న టూల్ కాదు) తేడా అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, దానికి రెండు ముక్కలు చెప్పి వదిలేయండి. మంచి చోట ఫుడ్ డెలివరీ యాప్‌నో క్యాబ్ యాప్‌నో ఇచ్చి డిజైన్ చేయమంటారు. వెంటనే బోర్డు మీద డబ్బాలు గీయకుండా, ఎవరు ఏం అడుగుతారు, రద్దైన ఆర్డర్ లెక్కలోకి వస్తుందా, ఒకే ఆర్డర్‌లో రెండు రెస్టారెంట్లు కుదురుతాయా అని అడిగితే ఎదుటివాళ్లకి అక్కడే అర్థమైపోతుంది మీరు ఈ పని చేసినవాళ్లని.

ఎన్నాళ్లంటే, ఉద్యోగం చేసుకుంటూ శని ఆదివారాలు కూర్చుంటే మొదటి వ్యాపారానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, రెండోది త్వరగా అవుతుంది. రెండోదానికి మళ్లీ అమ్మకాల వ్యాపారమే తీసుకోకండి, స్కూలు హాజరు పట్టుకోండి. అక్కడ కూడటానికి రూపాయలు ఉండవు, వచ్చిన పిల్లలకి వరసలు పడతాయి, మరి రాని పిల్లాడికి వరస ఎక్కడినుంచి వస్తుంది? అది మీరు తేల్చి గ్రెయిన్ వాక్యం ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.